మా దిబ్బకు ప్రమాదం తెచ్చిపెట్టిన విధం

"ప్రతి పౌరుడికీ పచ్చిక, ప్రతి పాదానికీ బాట!" అని మంత్రిగారు మా వీధిలో ప్రకటించిన రోజున అందరం చప్పట్లు కొట్టాం. గిట్టనివాళ్ళు ఏమైనా అననీండి, నేనైతే అరచేతులు మండేదాకా కొట్టాను.

మా బాబాయి మాత్రం చప్పట్లు మాని ముందుకు తోసుకెళ్ళాడు. ఆయనకి మోకాళ్ళ నొప్పులు. వీధి చివర గడ్డి దిబ్బ మీద రోజూ నడవకపోతే మర్నాడు మంచం దిగలేడు.

"దిబ్బ మీద ఒక్క బెంచీ వేయించండి బాబూ, మధ్యలో కాస్త కూలబడతాను," అన్నాడు.

"ఉత్త బెంచీయా?" మంత్రిగారు నొచ్చుకున్నారు. "భూసంరక్షణ నిధే తెస్తాను పెద్దాయనా!"

ఎంత దొడ్డ మనసు!

పక్కనున్న భూసంరక్షణ శాఖ డైరెక్టరుగారు గొంతు సవరించుకున్నారు. "సార్, ఆ నిధి ప్రమాదంలో ఉన్న నేలకే ఇస్తారు. ఈ దిబ్బకి ఏ ప్రమాదమూ లేదు."

"లేదా? ఇన్నేళ్ళూ మీ డిపార్ట్‌మెంటు ఏం చేస్తున్నట్టు?"

డైరెక్టరుగారు సిగ్గుతో తల దించుకున్నారు.

మర్నాడే బుల్డోజరు దిగింది. మంత్రిగారి బావమరిదిదే. "ఊరికే నిలబెడతాం బాబాయిగారూ, ఇన్‌స్పెక్షనువాళ్ళు చూసి భయపడాలంతే," అని అతను ధైర్యం చెప్పాడు.

ఇన్‌స్పెక్షన్ టీము వచ్చి చూసి పెదవి విరిచింది. "ప్రమాదం ఉంది గానీ సీరియస్‌గా లేదండీ. పక్క నియోజకవర్గంలో సగం కొండే పోయింది."

మంత్రిగారికి పౌరుషం పొడుచుకొచ్చింది. మన నియోజకవర్గం దేంట్లో వెనకబడినా ఆయన ఓర్చుకోలేరు.

"తవ్వండి!"

బాబాయి పరుగున వెళ్ళి బుల్డోజరుకి అడ్డం నిలబడ్డాడు. "మహాప్రభో, నాకు బెంచీ వద్దు, ఏమీ వద్దు! దిబ్బని వదిలెయ్యండి చాలు!" ఏడుపొక్కటే తక్కువ.

"ప్రజల ఆందోళన! దీనికి అదనంగా మార్కులున్నాయి సార్," అంటూ డైరెక్టరుగారు సంబరంగా ఫొటో తీయించారు.

రెండోసారి వచ్చిన టీము కళ్ళు తుడుచుకుంది. ప్రమాదం నూటికి నూరుపాళ్ళూ ఉంది, దిబ్బే లేదు. నిధి వెంటనే మంజూరైంది. కంచె, గేటు, బోర్డు, బెంచీ అన్నీ వచ్చాయి. గొయ్యిని ఎవరూ పాడుచెయ్యకుండా వాచ్‌మన్‌ని కూడా పెట్టారు.

ప్రారంభోత్సవంనాడు మంత్రిగారు స్వయంగా బాబాయిని చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టారు.

"మాట నిలబెట్టుకున్నానా లేదా?"

"నిలబెట్టుకున్నారు బాబూ."

"మరి ఇప్పుడు నడక ఎక్కడ పెద్దాయనా? చెప్పండి, అక్కడికీ నిధి తెచ్చేద్దాం."

మా వంశంలో అబద్ధం ఆడడం చేతకాని మనిషి ఎవరైనా ఉంటే అది మా బాబాయే.

"నడకా? ఎప్పుడో మానేశాను బాబూ," అంటూ ఆయన, చెప్పులకి అంటుకున్న పచ్చి గడ్డిపరకలు కనబడకుండా కాళ్ళు బెంచీ కిందకి లాక్కున్నాడు.