ముద్ద దిగకపోతే గ్యాసే

ఆ పొద్దు ఆకాశం పొయ్యిలో బూడిద ఎత్తి పైన చల్లినట్టుంది. వాన పడేది కాదు, ఎండ కాసేది కాదు. బంగారుపేట స్టేషన్లో బెంగళూరు రైలు కోసం నిలబడ్డవాళ్లంతా తలలెత్తి చూసి, ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. ఒకాయన వాన అన్నాడు. ఇంకొకాయన పొగమంచన్నాడు. నా పక్కనున్న మా బావ మారప్ప మాత్రం తలెత్తలేదు. ఆయన చేతిలో ప్లాస్టిక్ కవరు ఉంది. కవరులో ఎండోస్కోపీ రిపోర్టు ఉంది.

అందుకని ఈ వారం మీకు ఒక విషయం బల్లగుద్ది చెప్పదలిచాను. మన కోలారు జిల్లాకు బంగారం తర్వాత దొరికిన పెద్ద నిధి గ్యాస్. సిలిండర్లో వచ్చేది కాదు, కడుపులో వచ్చేది.

బంగారం తరిగింది, గనులు మూసేశారు. గ్యాస్ తరిగిందా? లేదు! ఇంటింటా ఒక గని షాఫ్టు, ఎంత తోడినా వస్తూనే ఉంది.

దీని గొప్పతనం మీరు సరిగ్గా ఆలోచించినట్టు లేదు. డాక్టరు కావాలంటే ఏళ్లకేళ్లు చదవాలి. గ్యాస్ అని చెప్పడానికి బస్సులో పక్కసీటు దొరికితే చాలు. స్కానింగ్ అక్కర్లేదు, సూది అక్కర్లేదు. రొమ్ములో నొప్పా? గ్యాస్. వీపులో పోటా? గ్యాస్ అటు తిరిగింది. మోకాలు పట్టేసిందా? గ్యాస్ కిందికి దిగింది. కోలారు మార్కెట్లో టమాటా ధర విని రైతు గుండె పట్టుకుంటే అదీ గ్యాసే, పొద్దున ఏమీ తినకుండా వచ్చుంటాడు.

మా ఊరి మెడికల్ షాపు తిమ్మరాయప్ప గ్యాస్ మాత్రల్ని చాక్లెట్ సీసా పక్కనే పెట్టుకున్నాడు. మీరు నోరు తెరవనక్కర్లేదు. గడప ఎక్కేటప్పుడు మీ మొహం చూసి కత్తెర తీసుకుంటాడు. ఇంత వేగంగా రోగం కనిపెట్టే మిషను ఇంకా ఎవరూ తయారు చెయ్యలేదు.

ఇంక మా బావ సంగతి.

మారప్ప ఇరవై రెండేళ్లు భూమి లోపల పని చేశాడు. గనులు మూసేశాక బెంగళూరులో వాచ్‌మన్‌గా ఉండి, రోజూ రైలెక్కి పోయి వచ్చేవాడు. ఆయనకు రెండు పేర్లున్నాయి. ఒకటి పనిమంతుడని. రెండోది ముద్ద మింగడంలో ఆయనకు సాటి లేరని.

బయటి పాఠకుల కోసం చెబుతున్నాను. మా వైపు రాగిముద్దను నమలరు. తుంచి, సారులో, అంటే పలచటి పులుసులో, ముంచి మింగుతారు. నమిలేవాణ్ణి చూస్తే ఏ ఊరప్పా అని అడుగుతారు. మా బావ పూటకు రెండు ముద్దలు, ఒక్కోటి పసిబిడ్డ తలంత, గని సైరను మోగేలోపల మింగి లేచేవాడట.

ఉగాదికి ముందు ఒక రోజు ముద్ద తుంట ఒకటి రొమ్ములో నిలబడింది. ఆయన కదలకుండా కూర్చున్నాడు. నీళ్లు తాగాడు. దిగింది. వెంటనే తీర్పు చెప్పాడు, ముద్ద గంటు కట్టింది, అంటే ఉండలు కట్టిందని.

ఆ ముద్ద కెలికింది మా అక్క నరసమ్మ. ముప్పై అయిదేళ్లుగా కెలుకుతోంది. ఆమె మరునాటి నుంచి ఇంకో పావుగంట ఎక్కువ కెలికింది. అయినా నిలబడింది. అప్పుడు తప్పు రాగులదని తేలింది, హైబ్రిడ్ కదా. నా చేనులో పండిన నాటు రాగులు ఒక మూట పంపాను. నిలబడింది. తప్పు మిల్లుదయింది. మూడు మిల్లులు మార్చారు. చివరికి బోరునీళ్ల వంతు వచ్చింది.

ఇట్లా ఎనిమిది నెలలు మేము ఎడతెగకుండా వైద్యం చేశాం. ముద్దకు.

గ్యాస్ అని మొదట పేరు పెట్టిన గౌరవం దొడ్డమునియప్పది. మా బావతో ఒకే షాఫ్టులో దిగినవాడు, పక్కింట్లోనే ఉంటాడు. సోడా తెచ్చి చేతికిచ్చి, నాకూ ఇట్లే ఉండాది, రెండు తేన్పులొస్తే పోతుంది అన్నాడు. తేన్పులు వచ్చాయి. గ్యాస్ అని రుజువైంది. రానివాళ్లకు లోపల ఇరుక్కుందని రుజువవుతుంది. శాస్త్రమంటే అట్లుండాలి!

ఒక గృహప్రవేశంలో మా బావ ముద్దను నెమ్మదిగా నములుతుండగా దొడ్డమునియప్ప చూశాడు.

“ఏమి మారప్పా, ఇంగ ఇప్పుడు మొలిచినాయా నీకు పండ్లు?”

పంక్తి పంక్తంతా నవ్వింది. మా బావా నవ్వాడు. ఆ తర్వాత ఏ ఫంక్షనుకు పోయినా తినే వచ్చినానప్పా అనేవాడు.

చివరికి ఇడ్లీ కూడా నిలబడిన రోజు మా అక్క ఎవరినీ సలహా అడగలేదు. ఆయన్ను కోలారు బస్సెక్కించి, గొంతులోకి కెమెరా వేసి చూపించింది. ఆ రిపోర్టే కవరులో ఉన్నది.

బెంగళూరులో డాక్టరమ్మ రిపోర్టు చదివి, ఎన్నాళ్లుగా అని అడిగింది.

“ముద్దకు ఎనిమిది నెలలమ్మా,” అన్నాడు మా బావ. “మజ్జిగకు ఏమీ లేదు.”

ఆమె రాసుకుంది. ఆయన బెల్టు వైపు చూసింది. మేకుతో పొడిచిన కొత్త రంధ్రాలు మూడున్నాయి. అదీ రాసుకుంది.

అన్ననాళం కడుపులో కలిసేచోట గడ్డ. క్యాన్సరు. లివరుకు, ఊపిరితిత్తులకు పాకలేదు కాబట్టి ఆపరేషనుకు వీలుంది. ముందు నాలుగు కీమోలు, తర్వాత ఆపరేషను, మళ్లీ నాలుగు కీమోలు. మా అక్క ఒక్కటే అడిగింది, ముందే వచ్చుంటే?

“ముందే వచ్చుంటే చిన్నదిగా ఉండేదమ్మా. ఇప్పుడూ తీయగలను. మళ్లీ రాదని మాత్రం మాటివ్వలేను.”

ఆపరేషను ఏడు గంటలు పట్టింది. గడ్డతో పాటు కడుపంతా తీసేసి, పేగును పైకి లాగి కుట్టారు. బయట వరండాలో మా పక్కన కూర్చున్న పెద్దమనిషి మా అక్క దిగులు చూసి ఓదార్చాడు. ఈ కాలంలో గ్యాసుక్కూడా ఆపరేషను చేసేస్తారమ్మా, భయపడొద్దు, అన్నాడు.

నాలుగో రోజు పొద్దున డాక్టరమ్మ వచ్చి అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? గ్యాస్ పోయిందా అని! పేగులు పని మొదలుపెట్టాయనడానికి అదే గుర్తట. పోయిందని మా బావ సిగ్గుపడుతూ చెప్పాడు. నర్సులు సంతోషించారు. నా వాదానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

తీసినదాన్ని పరీక్షకు పంపారు. గడ్డ అంచుల దాకా శుభ్రంగా వచ్చిందట. చుట్టూ తీసిన ఇరవై ఎనిమిది లింఫు గ్రంథుల్లో మూడింటికి మాత్రం అప్పటికే అంటుకుంది. ఆ మూడూ ఏ నెలలో అంటుకున్నాయని నేను అడిగాను. రాగులు మార్చిన నెలలోనా, మిల్లు మార్చిన నెలలోనా? అది చెప్పలేమంది డాక్టరమ్మ.

గ్యాస్ వరమని ఊరికే అనలేదు. అది అడిగేవాడి బరువు దించుతుంది. గ్యాస్ అన్నాక ఇంకో ప్రశ్న వేసే పని లేదు. ఎప్పటినుంచి, ఎంత తింటున్నావు, ఎంత చిక్కినావు, ఇవన్నీ ఎవరడుగుతారు? రోగికీ సుఖం, చుట్టాలకీ సుఖం.

నాకు రెండు ఆవులున్నాయి. సాయంత్రం మేతలో గుప్పెడు మిగిలిస్తే మరునాడు చూస్తాను. మరునాడూ మిగిలిస్తే బండెక్కి పశువుల డాక్టరును తీసుకొస్తాను. మా బావ ముద్ద పసిబిడ్డ తలంత ఉండేది నిమ్మకాయంతయింది. నిమ్మకాయంతది ఉసిరికాయంతయింది. తర్వాత కంచంలో సారు మాత్రమే ఉండేది. ఆ ఎనిమిది నెలల్లో ఎదురుగా కూర్చుని అన్నీ చూశాను. చూసి, జేబులోంచి మాత్ర తీసి ఇచ్చాను. తిమ్మరాయప్ప మాత్రే.

మొన్న ఆదివారం వాళ్లింటికి పోయాను. ఆపరేషనయి నాలుగు నెలలు. కీమోలు ముగిశాయి. వచ్చే నెల స్కాను. కొంచెం కొంచెంగా రోజుకు ఆరుసార్లు తినాలి, ఏది నిలబడినా రాసిపెట్టుకోవాలి అన్నారు. దొడ్డమునియప్ప కూడా ఉన్నాడు. మా అక్క ముగ్గురికీ వడ్డించి తానూ కూర్చుంది. మా బావ కంచంలో మెత్తగా పిసికిన అన్నం, పప్పుకట్టు, రెండు పిడికిళ్లకు మించదు.

నాలుగో ముద్దకు ఆయన చెయ్యి ఆగింది. రొమ్ము మీద పెట్టుకున్నాడు. మా చేతులూ ఆగాయి.

మా అక్క తన కంచం పక్కకు జరిపింది.

“యాడ?” అని అడిగింది.

ఆయన వేలు పెట్టి చూపించాడు. ఆమె ఆ చోటు చూసింది. గోడ గడియారం చూసింది. మేము కాచుకున్నాం.

“దిగింది,” అన్నాడు.

ఆమె తన కంచం మళ్లీ దగ్గరికి లాక్కుంది. ఆయన చివరి మెతుకు తిని లేచేదాకా నలుగురం అట్లే కూర్చుని తిన్నాం.