రావుగారి ఆకుపచ్చ టేపు

శుక్రవారం పొద్దున అరుంధతి వేసుకున్న పథకం చాలా సులువైనది. ఎనిమిదింటికి అన్నం పొయ్యెక్కాలి, తొమ్మిదిన్నరకు పులుసు కలవాలి, పదకొండున్నరకు అరవై మందికి సరిపడా పులిహోర కారెక్కాలి. దోహాలోని వాళ్ళ తెలుగు బృందం శ్రీరామనవమిని సెలవు రోజుకు జరిపి చేసుకుంటుంది. రాముడు అభ్యంతరం చెప్పినట్టు ఇంతవరకు ఎవరూ వినలేదు.

నిరుడు కూడా పులిహోర ఆవిడదే. మంట మధ్యలో నీరసించి, అన్నం పలుకుగా దిగింది. కమిటీలో పెద్దావిడ ప్రమీలగారు నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని, "ఇది తినాలా, విత్తనాలకు దాచుకోవాలా అరుంధతీ?" అని అందరి ముందూ అడిగారు. ఏడాదిగా ఆ మాట అరుంధతి గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఈసారి బతిమాలి మరీ పులిహోర తన వంతుకు వేయించుకుంది. ఇదీ చెడితే వచ్చే ఏడు తనకు మిగిలేది పేపరు ప్లేట్లు తెచ్చే బాధ్యతే.

ఆవిడ భర్త వేణుగోపాలరావు ఒక నిర్మాణ కంపెనీలో సేఫ్టీ ఆఫీసరు. సైటులో ప్రతి పనిముట్టునూ మూడు నెలలకోసారి తనిఖీ చేసి, దానికి రంగు టేపు చుట్టించడం ఆయన డ్యూటీ. ఈ మూడు నెలలకూ రంగు ఆకుపచ్చ. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు; రావుగారు రచ్చ గెలిచి, మిగిలిన టేపు ఇంటికి తెచ్చుకున్నారు. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో వాళ్ళుండే వాటాలో మిక్సీకి టేపు, నిచ్చెనకు టేపు, అప్పడాల కర్రకు కూడా టేపు. పెరట్లో ఉన్న గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్‌కు నాలుగు పొరలు. పక్క వాటా గౌస్ మొహియుద్దీన్ సిలిండర్ కూడా అక్కడే ఉంటుంది కాబట్టి, ఇరుగుపొరుగు ధర్మంగా దానికీ చుట్టిపెట్టారు.

ఎనిమిదీ పదికి మంట పసుపు రంగుకు తిరిగి, వణికి, గిన్నె అడుగున మసి పూయడం మొదలుపెట్టింది.

"ఏమండీ, రెగ్యులేటర్ పోయిందండీ. ఏడాది నుంచి మొత్తుకుంటున్నాను. సిలిండర్ దగ్గర వాసన కూడా వస్తోంది."

"నువ్వు బర్నర్ సరిగ్గా తోమవు," అన్నారు రావుగారు ఫోన్‌లోంచి తలెత్తకుండా. "రెగ్యులేటర్ మొన్ననే తనిఖీ చేశాను. టేపు ఉంది కదా."

"ఆ టేపు చూసే కదండీ, సిలిండర్ తెచ్చే రఫీక్ కూడా దాన్ని ముట్టుకోకుండా పోయాడు. 'చెక్ హో గయా మేడమ్' అన్నాడు."

"చూశావా, వాడికున్న నమ్మకం నీకు లేదు."

రావుగారి కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు. ఆ సంగతి నిరూపించడానికే పెరట్లోకి వెళ్ళారు. అక్కడ రెండు సిలిండర్లు పక్కపక్కన, రెండింటి తలల మీదా ఆకుపచ్చ ముద్దలు. ఆయన ఒకదాని మర తిప్పి కట్టేశారు. అది గౌస్‌ది.

"ఆగిందా?" అని కిటికీలోంచి అడిగారు.

"లేదండీ. అలాగే వెలుగుతోంది."

రావుగారి మొహంలో రంగు మారింది. కట్టేసినా గ్యాస్ వస్తోందంటే మామూలు విషయం కాదు. గోరుచుట్టు మీద రోకటిపోటులా అప్పుడే గౌస్ గరిటెతో బయటికొచ్చాడు. "సాబ్, నా పొయ్యి బందైంది. ఎవ్వరు ముట్టలే. బిర్యానీ దమ్ మీద ఉంది."

"ఒకటి ఆపినా ఆగడం లేదు. ఇంకోటి ఆపకుండానే ఆగింది," అన్నారు రావుగారు నెమ్మదిగా. "అంటే లోపల రెండు లైన్లూ కలిసిపోయాయి. అందరూ బయటికి నడవండి."

అరుంధతి పొయ్యి కట్టేసింది. రావుగారు సైటులో వేసుకునే పసుపు జాకెట్టు తొడుక్కుని, ఈల ఊది, తన భార్యనూ గౌస్ దంపతులనూ వీధి చివర కారు దగ్గరికి తోలారు. ఫోన్ల వల్ల నిప్పురవ్వ పుడుతుందని అందరి ఫోన్లూ ఒక సంచిలో వేయించి, గిన్నెల కోసం తెరిచి ఉంచిన డిక్కీలో పెట్టి మూత వేశారు.

"ఇప్పుడు మెకానిక్‌కు ఫోన్ చేయాలి," అన్నారు.

"దేంతో సాబ్?" అని అడిగాడు గౌస్.

"కారు తాళాలేవండీ?" అంది అరుంధతి.

తాళాలు ఇంట్లో, గోడకున్న మేకుకు వేలాడుతున్నాయి. ఇంట్లోకి ఎవరూ అడుగు పెట్టకూడదు. నలుగురూ ఎండలో నిలబడ్డారు. పది గంటలు కావస్తోంది.

"పేలుతుందని నాకు భయం లేదండీ," అంది అరుంధతి. "ప్రమీలగారు మళ్ళీ నవ్వుతారని భయం. ఏడాది నుంచి చెబుతున్నా. నా మాట కంటే మీకు ఆ టేపు ఎక్కువైపోయింది."

అంతలో బుచ్చన్న వచ్చాడు. నిర్మల్ జిల్లా మనిషి, రావుగారి కంపెనీలోనే పైపు ఫిట్టరు. పులిహోర గిన్నెలు మోయడానికి రమ్మని అరుంధతే చెప్పింది.

"ఏమైంది సార్, గిట్ల ఎండల నిలవడ్డరు?"

సంగతంతా విని పెరట్లోకి నడిచాడు. "బుచ్చన్నా, పర్మిట్ లేకుండా ముట్టుకోకూడదు," అంటూ రావుగారు, ఆయన వెనక మిగతావాళ్ళూ వెంటపడ్డారు. "జర ఆగుండ్రి సార్," అని బుచ్చన్న బట్టలుతికే బకెట్‌లోంచి సబ్బునీళ్ళు తీసుకున్నాడు. ముందు రెండు సిలిండర్లనూ చూశాడు.

"గిది గౌస్ భాయ్‌ది. మంచిగనే ఉన్నది. ఎవరో బంద్ పెట్టిండ్రు, గంతే."

అందరూ రావుగారి వైపు చూశారు. రావుగారు ఆకాశం వైపు చూశారు.

బుచ్చన్న రెండోదాని టేపు ఊడదీశాడు. ఆకుపచ్చ కింద నీలం, నీలం కింద పసుపు, పసుపు కింద తెలుపు. అన్నిటి కిందా ఒక సన్నని పగులు. సబ్బునీళ్ళు పోయగానే అక్కడ బుడగలు బుసబుసా పొంగాయి. వెంటనే మర కట్టేశాడు.

"మీది పోయింది సార్. మంట పసుపుపచ్చగ వస్తది, వణుకుతది, మసి వడ్తది, వాసనొస్తది, దగ్గర చెవి పెడితే సుయ్యిమంటది. గివి కనవడితే మార్సుడే. పైంగ దీని తేది నాలుగేండ్ల కిందనే అయిపోయింది, గీడ రాసే ఉన్నది."

"నాకెప్పుడూ కనిపించలేదే," అన్నారు రావుగారు.

"ఎట్ల కనవడ్తది సార్? దాని మీద మీ టేపు ఉండె."

జుమ్మా నమాజుకు దుకాణాలు మూసేలోపే బుచ్చన్న పరుగున వెళ్ళి కొత్త రెగ్యులేటర్ తెచ్చి బిగించాడు. మళ్ళీ సబ్బునీళ్ళు పోశాడు. ఒక్క బుడగ రాలేదు. గౌస్ బిర్యానీ మళ్ళీ దమ్ అందుకుంది. అరుంధతి పొయ్యి వెలిగిస్తే నీలి మంట గుండ్రంగా, కదలకుండా నిలబడింది. ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. కొంగుతో తుడుచుకుని, మళ్ళీ వేరే బియ్యం కడగడానికి వెళ్ళింది.

మధ్యాహ్నం హాల్లో భోజనాలు సాగుతుండగా, 'ఇంటి భద్రత' మీద ఐదు నిమిషాలు మాట్లాడమని రావుగారిని పిలిచారు. ఆయన కాగితం తీశారు. ముందు వరసలో కూర్చున్న అరుంధతిని చూసి, మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నారు.

"గ్యాస్ రెగ్యులేటర్ మార్చాలని చెప్పే గుర్తులు ఐదు," అన్నారు. ఆ ఐదూ బుచ్చన్న చెప్పిన వరసలోనే చెప్పారు. "వీటన్నిటికంటే ముందొచ్చే గుర్తు ఇంకోటి ఉంది. రోజూ పొయ్యి ముందు నిలబడే మనిషి మనకు చెబుతుంది. నేను ఏడాదిగా వినలేదు. నిరుడు పులిహోర పలుకైంది అరుంధతి చేతి వల్ల కాదు, నా వల్ల."

అందరూ ప్రమీలగారి వైపు తిరిగారు. ఆవిడ ఏదో అనబోయారు గానీ, రెండో విడత పులిహోర నోటినిండా ఉండటంతో తల మాత్రం ఊపారు.

గిన్నె ఖాళీగా ఇంటికొచ్చింది. అరుంధతి దాన్ని కడిగి, తుడిచి, రావుగారి సొరుగులోంచి ఆకుపచ్చ టేపు తీసి దాని చెవికి ఒక చుట్టు చుట్టింది. రావుగారు కత్తెర అందించారు. ఆ ఇంట్లో అరవై మంది తనిఖీ చేసిన వస్తువు అదొక్కటే.