పిక్క మాది, పేరు మాది

శుక్రవారం ఉదయం ఇందుమతి వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదికల్లా కాశీబుగ్గ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నుంచి కొత్త ప్యాకెట్ల మూట రావాలి. మధ్యాహ్నానికల్లా వాటిలో జీడిపప్పు నింపి, గాలి తీసి, మూతులు అతికించాలి. మర్నాడు టెక్కలి కాలేజీ మైదానంలో జరిగే ప్రదర్శనలో వాటిని బల్ల మీద వరసగా నిలబెట్టాలి. నాగేంద్రబాబు వచ్చి చూడాలి. అసలు పథకమంతా ఈ చివరి ముక్క కోసమే.

నాగేంద్రబాబు ఆమె భర్త నారాయణరావుకు మేనబావ, పలాసలో పప్పు టోకు వ్యాపారి. ఇరవై ఏళ్లుగా వీళ్ల చిన్న ఫ్యాక్టరీలో తయారయ్యే పప్పంతా రేకు డబ్బాల్లో ఆయన గోదాముకే వెళ్లేది. డబ్బా మీద ఎవరి పేరూ ఉండదు. అక్కడి నుంచి అది ఎక్కడో పెద్ద ఊరికి పోయి, మెరిసే ప్యాకెట్టు తొడుక్కుని, ఎవరిదో పేరు పెట్టుకుని మళ్లీ పలాస స్టేషను స్టాలుకే దిగేది. పోయిన నెల ఇందుమతి అలాంటి ప్యాకెట్టు ఒకటి కొని విప్పింది. అన్నీ విరగని గుండ్లే, ఒక్క బద్ద లేదు. అంత నేర్పుగా పిక్క కొట్టగలిగేది తన ఫ్యాక్టరీలో పోలమ్మ ఒక్కతే. కటింగు మిషను ముందు నిలబడి, కాలితో తొక్కుతూ, చేత్తో మీట లాగుతూ ముప్పై ఏళ్లుగా అదే పని చేస్తోంది. తన పప్పును తానే రెట్టింపు ధరకు కొనుక్కున్నానని తెలిశాక ఇందుమతికి ఆ రోజు అన్నం సహించలేదు.

ఆమె మామగారి రోజుల్లో పప్పు తాటాకు బుట్టల్లో పోయేది. కొనేవాడు గుప్పెడు తీసి, ఒకటి కొరికి, తల ఊపి కొనేవాడు. తర్వాత డబ్బాలొచ్చాయి. మూత తీస్తే పప్పు మెత్తబడుతుంది కాబట్టి అమ్మేవాడి మాట మీద కొన్నారు. ఇప్పుడు ప్యాకెట్లు. పప్పును చూసేవాడూ లేడు, మాట వినేవాడూ లేడు. బొమ్మ బాగుంటే సరి. చేతులు పెంకులోని జీడికి మాడి పిక్కలోంచి పప్పు తీసినవాళ్లకు దక్కేది కూలి. దాని చుట్టూ సంచి చుట్టినవాడికి లాభమూ పేరూ రెండూ. ఇదేం న్యాయమో ఎవరైనా చెబితే వినాలని నాకూ ఉంది.

అందుకే ఒక పెళ్లి భోజనాల్లో, నలుగురి ముందూ ఇందుమతి తేల్చేసింది. "అన్నియ్యా, ఇకనుంచి మా పేరు నేకండా ఒక్క బద్ద కూడా మా గుమ్మం దాటదు."

నాగేంద్రబాబు పెరుగన్నం కలుపుతూ నవ్వాడు. "సంచి మీద పేరేసుకుంటే బేరాలొచ్చేత్తాయేటమ్మా? సరే, టెక్కలి ప్రదర్శనలో నీ సరుకంతా అమ్ము, సూద్దాం. ఒక్క ప్యాకెట్టు మిగిల్నా ఆదివారం మా డబ్బాలొత్తాయి. మరి నోరెత్తకూడదు."

"ఎత్తను. అంతా అమ్ముడైతే నువ్వెత్తకూడదు," అంది ఇందుమతి.

ఇల్లు అలకగానే పండగ కాదని పెద్దలు ఊరికే అనలేదు. శుక్రవారం తొమ్మిదింటికి మూట వచ్చింది. నారాయణరావు తాడు కోసి, పైనున్న ప్యాకెట్టు తీసి భార్య చేతికిచ్చాడు. ఇందుమతి చూసింది. తిప్పి చూసింది. మళ్లీ చూసింది. పైన బంగారు అక్షరాల్లో "ఉద్దానం పిక్క" అని ఉంది. అడుగున తను చెప్పిన మాటే, "పిక్క మాది, పేరు మాది" అని ఉంది. మధ్యలో మోకాలి నుంచి మడమ దాకా ఒక మగవాడి కాలు ఉంది. కండ తిరిగి, నల్లగా, నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది.

"ఏటండీ ఇది?"

"కాలు," అన్నాడు నారాయణరావు. ఆయనకు అబద్ధం ఆడే అలవాటు లేదు.

పలాస చుట్టుపక్కల ఉద్దానంలో పిక్క అంటే గింజ. జీడిపిక్క, పనసపిక్క, చింతపిక్క. రైలెక్కి నాలుగు జిల్లాలు దాటేసరికి అదే పిక్క మోకాలి కిందకు దిగిపోతుంది. ఈ సంగతి ఇందుమతికి ఎవరూ చెప్పలేదు. హైదరాబాదులో కూర్చుని ప్యాకెట్లకు బొమ్మలు గీసే వాణికీ ఎవరూ చెప్పలేదు. ఇందుమతి ఫోను చేసి అడిగింది.

"మేడం, మీరు చెప్పినట్టే వేశాను కదా!" అంది వాణి. "పిక్క బాగా బలిసుండాలన్నారు, నల్లగా నిగనిగలాడాలన్నారు, చూస్తే మా ఊరి కష్టం కనిపించాలన్నారు. జీడిపప్పు తింటే బలం కదా, బలానికి గుర్తు అనుకున్నాను. జిమ్‌కెళ్లే మా అన్నయ్యను రెండు గంటలు నిలబెట్టి ఫొటో తీశాను. సార్‌కి పంపితే ఓకే అన్నారు కూడా!"

ఇందుమతి భర్త వైపు తిరిగింది.

"వంపు సరిగానే ఉన్నాదనిపించింది," అన్నాడు నారాయణరావు నేల చూస్తూ. "అప్పుడు కళ్లజోడు నేదు."

ప్యాకెట్లు ఐదు వేలున్నాయి, ప్రదర్శనకు ఒక్క రోజుంది. కాశీబుగ్గలో పెళ్లి కార్డులు అచ్చువేసే ఢిల్లీబాబు దగ్గరకు నారాయణరావు పరుగెత్తాడు. కాలు కనిపించకుండా పైన అంటించడానికి జీడిపిక్క బొమ్మ స్టిక్కర్లు కావాలన్నాడు. ఢిల్లీబాబు దగ్గర జీడిపిక్క బొమ్మ లేదు. శుభలేఖల అంచుకు వేసే మామిడిపిందె ఉంది. "తిరగేత్తే రెండూ ఒకటే బావా," అని భరోసా ఇచ్చి, గోధుమరంగు గుండ్రటి కాగితం మీద పిందెను తిరగేసి అచ్చు వేశాడు. చేతిలో ఉన్నది చిన్న సైజు కాగితమే.

రేపటికి నింపిన మూడొందల ప్యాకెట్ల మీదా సాయంత్రం దాకా కూర్చుని అంటించారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. స్టిక్కరు కాలిని కప్పలేదు. కండ మధ్యలో గుండ్రంగా అతుక్కుని, పైన మోకాలూ కింద మడమా బయట పెట్టింది.

పోలమ్మ ప్యాకెట్టును ఎత్తి దీపానికి పట్టి చూసింది. "ఓలమ్మో! కాలు నొప్పికి పట్టీ ఏసినట్టున్నాదమ్మా."

"నువ్వూరుకో పోలమ్మా," అంది ఇందుమతి. పోలమ్మ ఊరుకుంది. టెక్కలి ఊరుకోలేదు.

శనివారం పదింటికి బల్ల ముందుకు మొదట వచ్చినవాడు సంతబొమ్మాళి వైపు పల్లె నుంచి వచ్చిన కృష్ణారావు. నలభై ఏళ్లు సముద్రం మీద వలలు లాగిన మనిషి, కొంచెం కుంటుతున్నాడు. ప్యాకెట్టు మీది కాలునూ పట్టీనీ చూశాడు. తన కాలు చూసుకున్నాడు.

"పిక్కల నొప్పికి మందు ఇదేనేటి బావూ?"

నారాయణరావుకు కాదనడం చేతకాదు. "నొప్పున్నోళ్లూ తినొచ్చు, నేనోళ్లూ తినొచ్చు," అన్నాడు.

వెనకున్నవాడికి "నొప్పున్నోళ్లు తినొచ్చు" వరకే వినిపించింది. ఆ వెనకున్నవాడికి "తింటే నొప్పి పోద్ది" అని చేరింది. పావుగంటలో బల్ల ముందు వరస కట్టింది. అందులో సగం మంది కుంటుతున్నారు. చేతికర్రలు, మోకాలి పట్టీలు, ఒకాయన మనవరాలి భుజం. అందరూ రోజుకెన్ని వేసుకోవాలని, పరగడుపునా భోంచేశాకా అని అడుగుతున్నారు.

అప్పుడొచ్చాడు నాగేంద్రబాబు. ప్యాకెట్టు తీసి చూసి, కడుపు పట్టుకుని నవ్వాడు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల అమ్మా? నీకైతే కాలే మిగిలింది," అని, పక్కకు వెళ్లి ఎవరికో ఫోను చేశాడు. పది నిమిషాల్లో ప్రదర్శనకు తనిఖీ మీద వచ్చిన ఆహార అధికారి బల్ల ముందు నిలబడ్డాడు. గుంటూరు వైపు మనిషి, ఇక్కడికి బదిలీ మీద వచ్చి మూడు వారాలైంది.

"ఇది ఆహారమా, మందా?" అన్నాడు. "మందైతే లైసెన్సు చూపించండి. ఆహారమైతే ఈ కాలేమిటి? ప్యాకెట్టు మీద బొమ్మకూ లోపలి సరుకుకూ సంబంధం ఉండాలి. లేకపోతే ఈ సరుకంతా ఆపేయాల్సి వస్తుంది."

నారాయణరావు కళ్లజోడు తీసి తుడవసాగాడు. నాగేంద్రబాబు రెండు చేతులూ కట్టుకుని, రేపు పంపాల్సిన డబ్బాలను మనసులో చూసుకుంటున్నట్టు నిలబడ్డాడు.

ఇందుమతికి ఒక్కసారిగా ఒళ్లు మండిపోయింది. అధికారి మీద కాదు, ఆ స్టిక్కరు మీద. మన పేరు మనం వేసుకుంటామని బయలుదేరి, నిన్న పొద్దుటి నుంచీ తను చేస్తున్నది దాచడమే కదా! ఒక ప్యాకెట్టు తీసుకుని స్టిక్కరును పర్రున పీకేసింది. స్టూలెక్కి నిలబడింది.

"అందరూ ఇనండి! ఇది మందు కాదు. జీడిపప్పు. తింటే కాళ్ల నొప్పి పోదు. నొప్పికి ఆస్పత్రికెల్లండి. పప్పు కావాలంటే ఉండండి. మందనుకుని కొన్నోళ్లు డబ్బులు పట్టుకెల్లిపోండి!"

వరసలో సగానికి సగం కదిలిపోయింది. ఇందుమతి కళ్ల ముందే బేరం పోతోంది. అయినా స్టూలు దిగలేదు. "ఇంక కాలంటారా సారూ, మా వైపు పిక్కంటే గింజ. బొమ్మేసినమ్మాయికి తెలవక కాలేసింది. తప్పే. కానీ ఏ అక్షరంలో మందని రాశామో మీరు సూపించండి."

అధికారి ప్యాకెట్టు వెనక చిన్న అక్షరాలు చదివాడు. జీడిపప్పు, బరువు, తేదీ, ఊరు అన్నీ ఉన్నాయి. "అక్షరాలు సరే. సంబంధం?"

"సమ్మందం నేదంటావేటి బావూ?"

ఆ గొంతు పోలమ్మది. బల్ల వెనక నుంచి ముందుకొచ్చి, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టి, కుడికాలు తీసుకొచ్చి ధన్‌మని బల్ల మీద పెట్టింది. మోకాలి కింద కండ రాయిలా గట్టిపడి, బొమ్మలోని కాలును తలదన్నేలా ఉంది.

"పిక్కలు సేత్తో కొడతామనుకున్నావేటి? మిషను తొక్కాల. పొద్దున్న ఏడు కాడ్నించి సాయంత్రం దాకా. ముప్పై ఏళ్లు తొక్కినాను. ఈ పిక్క నేకపోతే ఆ పిక్క పగలదు, పప్పు రాదు. ఇప్పుడు సెప్పు, సమ్మందం ఉన్నాదా, నేదా?"

అధికారి కాలు చూశాడు. బొమ్మ చూశాడు. మళ్లీ కాలు చూశాడు. "బొమ్మలో వెంట్రుకలున్నాయి," అన్నాడు చివరకు నీరసంగా.

"అయి నాయి కావు. తీయించేత్తాం."

జనం గొల్లుమన్నారు. అధికారి కూడా నవ్వు ఆపుకోలేక, మందనే మాట ఎక్కడా నోట రాకూడదని రాయించుకుని, స్టిక్కర్లన్నీ పీకమని చెప్పి, వెళ్తూ వెళ్తూ ఒక ప్యాకెట్టు కొనుక్కున్నాడు. కృష్ణారావు మాత్రం పొద్దుటి నుంచి ఉన్నచోటే ఉన్నాడు.

"నొప్పి పోదని సెప్పాం గదా," అంది ఇందుమతి.

"నొప్పి ఎలాగూ పోదమ్మా. పప్పైనా తింతాను. రెండియ్యి."

అక్కడి నుంచి వరస మళ్లీ కట్టింది. ఈసారి కుంటకుండా వచ్చారు. పోలమ్మ కాలును చూసి, బొమ్మతో పోల్చుకుని, ప్యాకెట్టు పట్టుకెళ్లారు. ఆమె పక్కన నిలబడి ఫొటోలు దిగారు. కాలితో పిక్కలు కొడతారని పలాసకు పాతిక మైళ్లు లేని టెక్కలిలోనే చాలామందికి తెలియదు. డబ్బా ఆ సంగతి ఏనాడూ చెప్పలేదు, మెరిసే ప్యాకెట్టు చెప్పనివ్వలేదు. మూడున్నరకు బల్ల ఖాళీ అయింది.

నాలుగింటికి వాణి ఫోను చేసింది. అత్తవారి ఊరు ఇచ్ఛాపురమైన స్నేహితురాలు తనకు ఇక్కడి పిక్కకు అర్థం చెప్పిందట, ఏడుపు గొంతుతో ఉంది. "మేడం, తప్పంతా నాదే. కాలు తీసేసి గింజ వేసి మళ్లీ అచ్చు వేయిస్తాను."

"కాలు తీసినావంటే ఊరుకోను," అంది ఇందుమతి. "మీ అన్నయ్య కాలు మాత్రం తీసెయ్యి. పోలమ్మ కాలు ఫొటో పంపుతున్నాను. కింద ఆమె పేరు కూడా రాయాల."

"పట్టీ కూడా ఎయ్యమనమ్మా," అంది పోలమ్మ పక్క నుంచి. "ఎండి పట్టీ. బోసి కాలు బాగోదు."

అంతవరకూ దూరంగా తిరుగుతున్న నాగేంద్రబాబు అప్పుడు దగ్గరకొచ్చాడు. మొహం నిండా చుట్టరికం. "సెల్లెమ్మా, నువ్వు గట్టిదానివి. నేను ముందే అన్నాను గదా! కాలు బొమ్మ అలాగే ఉంచు. ఇకనుంచి ప్యాకెట్లన్నీ నేనే తీసుకుంతాను. పైన చిన్న మార్పు, మన కంపెనీ పేరు..."

నారాయణరావు ఇంతవరకూ బావ మాటకు ఎదురు చెప్పి ఎరగడు. కళ్లజోడు తీసి, పైపంచెతో శుభ్రంగా తుడిచి, బావ చేతిలో పెట్టాడు. ప్రదర్శన కోసం బల్లకు కట్టిన ఖాళీ ప్యాకెట్టు అడుగు వరసను వేలితో చూపించాడు.

"ఇది ఎట్టుకుని సదువు బావా. పైకి సదువు, అందరూ ఇంతారు."

నాగేంద్రబాబు అక్షరాలు చూశాడు. తల ఎత్తితే ఎదురుగా ఇందుమతి ఉంది, ఆ పక్కన బల్ల మీద పోలమ్మ కాలు ఇంకా అలాగే ఉంది, చుట్టూ ఫోన్లు పట్టుకున్న జనం ఉన్నారు. కళ్లజోడు బల్ల మీద పెట్టి, గోదాములో పనుందని గొణిగి, గేటు వైపు మొదట నడిచాడు, తర్వాత పరుగు లంకించుకున్నాడు.

ఆ రోజు టెక్కలిలో పైసా లాభం లేకుండా పిక్కబలం చూపించినవాడు ఆయన ఒక్కడే.