బరువు మోయలేని ఇంజను

లెక్కల మాస్టారికి చెరువు మీద షికారు తిరిగే తన నీళ్ళ స్కూటరంటే ప్రాణం. సెకండ్ హ్యాండుదే అయినా రోజూ తుడిచి మురిసిపోయేవారు. చిక్కల్లా వెనక సీటుతోనే. అక్కడ భార్య కూర్చుని, "మెల్లగా", "ఎడమకి", "పడవొస్తోంది, చూశారా" అంటూ చెరువంతా తనే నడిపేది. ఆవిడ పళ్ళ డాక్టరు. ఎదుటివాళ్ళు నోరు తెరుచుకుని వినడం ఆవిడకి అలవాటు.

ఆ ఆదివారం చెరువు మధ్యలో ఇంజను కుయ్యోమంది. ఎర్రలైటు వెలిగింది. వేగం చచ్చిపోయింది.

"ఏమైందండీ?"

"వేడెక్కింది." అంటుండగానే మాస్టారికి ఓ ఉపాయం తట్టింది. "పాత ఇంజను కదా, ఇద్దరి బరువు మోయలేకపోతోంది. ఇకమీదట ఒక్కళ్ళమే ఎక్కాలి."

"ఆ ఒక్కళ్ళూ మీరేనా?"

"నడపడం వచ్చినవాళ్ళెవరో నువ్వే చెప్పు."

ఆవిడ వాదించలేదు. మాస్టారు అక్కడే అనుమానించాల్సింది.

మరుసటి ఆదివారం ఆవిడ ఒడ్డున మడతకుర్చీలో పుస్తకం చదువుకుంటూ కూర్చుంది. మాస్టారు ఈల వేసుకుంటూ ఒంటరిగా బయల్దేరారు. ఐదు నిమిషాలకే మళ్ళీ కుయ్యో. ఈసారి నెపం వెయ్యడానికి వెనక ఎవరూ లేరు. చేపల పడవాయన తాడు కట్టి ఒడ్డుకి లాక్కొచ్చాడు. దారిపొడుగునా ఒక్క ప్రశ్నా అడగలేదు. మాస్టారికి అదే ఎక్కువ బాధనిపించింది.

"ఈసారి ఎవరి బరువండీ?"

"పొద్దున టిఫిను కాస్త ఎక్కువైంది."

ఆవిడ పుస్తకం అట్ట చూపించింది. బండితో పాటు వచ్చిన మాన్యువల్ అది. "చెరువు నీళ్ళు పీల్చుకుని ఇంజను చల్లబడుతుందట. పీల్చే నోరు అడుగున ఉంది. తాళం ఇటిచ్చి, బండి ట్రాలీ ఎక్కించండి."

ఎక్కించారు. ఆవిడ చేతికి గ్లవుజు తొడుక్కుని కిందకి వంగింది. దవడ పన్ను పీకినంత తేలిగ్గా, అడుగు జాలీలోంచి బారెడు నాచూ, చిరిగిన ప్లాస్టిక్ సంచీ లాగేసింది.

లోపల మిగిలిన చెత్త కడగడానికి ఒడ్డునున్న కుళాయి గొట్టం బండికి తగిలించగానే మాస్టారు ఉత్సాహంగా కుళాయి మీద చెయ్యేశారు.

"ఆగండి. ముందు ఇంజను, తరవాత నీళ్ళు. ఆపేటప్పుడు ముందు నీళ్ళు కట్టెయ్యాలి. లేకపోతే ఇంజనులోకి నీళ్ళు పోతాయి."

అలాగే చేశారు. బండి పక్కనున్న చిన్న రంధ్రంలోంచి నీళ్ళు ధారగా చిమ్మాయి. లోపలి దారి శుభ్రపడిందన్నమాట.

"ఇద్దరు కూర్చోవచ్చనే రాశారు," అంది ఆవిడ, లైఫ్ జాకెట్ బిగించుకుంటూ. "ముందెవరు కూర్చోవాలో మాత్రం రాయలేదు."

తాళం ఆవిడ చేతిలోనే ఉంది. బండి మళ్ళీ నీళ్ళలోకి దింపాక మాస్టారు వెనక ఎక్కారు.

చెరువు మధ్యకి వెళ్ళాక ఆవిడ వేగం తగ్గించింది. మీటరుకేసి చూసే పని లేకపోయేసరికి మాస్టారు తలెత్తారు. అవతలి ఒడ్డున అంత పచ్చటి గుట్ట ఉందని ఆయనకి ఇన్నాళ్ళూ తెలియదు.

"ముందుకొస్తారా?" అడిగింది ఆవిడ.

మాస్టారు కాస్త సిగ్గుపడ్డారు.

"ఇంకో చుట్టు తిరిగాక చూద్దాంలే."