ఇటలీ మల్లెనీళ్ళు

మే నెలలో, మండపేట ఎండలో, పని లేని మగాడి చేతిలో ఫోను ఉండకూడదండి. నా చేతిలో ఉన్నందుకు ఏం జరిగిందో చెబుతాను, నవ్వకుండా వినండి.

మూడు నాలుగు వందల ఏళ్ళ కిందట ఇటలీ దొరలు మల్లెపూలో, దాల్చినచెక్కో నానబెట్టిన తియ్యటి నీళ్ళను మంచులో చల్లబరిచి తాగేవారట. అది చదివి ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు.

"మాణిక్యం, ఆదివారం మీ అన్నయ్యావాళ్ళు వచ్చినప్పుడు చల్లటిది నేనే ఇస్తాను. దొరలు తాగింది!" అన్నాను మా ఆవిడ రత్నమాణిక్యంతో.

"తాగింది దొరలేనండి. చేసింది వంటవాళ్ళు. మీకు స్టవ్ వెలిగించడం వచ్చా?"

"స్టవ్వెందుకు? నానబెట్టడమే."

"అదైతే మీకు బాగా వచ్చు. కుళాయి రిపేరు రెండేళ్ళ నుంచి నానబెట్టారుగా."

నాకు పౌరుషం వచ్చింది. గుప్పెడు పూలు చాలని రాసి ఉంటే కిలో తెచ్చాను. ఆదివారం పొద్దున్నే పూలు ఒక గిన్నెలో, దాల్చినచెక్క ఇంకో గిన్నెలో నానబెట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. మధ్యాహ్నానికి పాలు, పెరుగు, దోసెల పిండి అన్నీ మల్లెల వాసనే. ఫ్రిజ్ తలుపు తీస్తే శోభనం గది తలుపు తీసినట్టుంది.

మా బావగారి పేరు వీరవెంకటసత్యనారాయణ. పూర్తిగా పిలిచేసరికి మనకే దాహం వేస్తుంది. ఆయన గ్లాసు అందుకుని, ఒక గుక్క తాగి, గ్లాసుని దూరంగా పట్టుకున్నారు.

"బావగారూ, ఇది తాగాలాండి, తలకి రాసుకోవాలాండి?"

ఆయన భార్య వెంకటదుర్గ గ్లాసు ముక్కు దాకా తెచ్చి ఏడుసార్లు తుమ్మింది.

కంగారుగా దాల్చినచెక్క నీళ్ళు తెచ్చాను.

"బావుందండి," అన్నారు బావగారు. "బిర్యానీ ఎప్పుడు పెడతారు?"

వంటింట్లోకి పారిపోయాను. అక్కడ మా ఆవిడ నిమ్మరసంలో పటికబెల్లం, యాలకుల పొడి కలిపి, గ్లాసుల్లో పోసి సిద్ధంగా ఉంచింది. ట్రే నా చేతిలో పెట్టింది.

"అబ్బ! ప్రాణం లేచొచ్చిందండి! ఏంటండి ఇది?" అన్నారు బావగారు.

నా నాలుక నా మాట వినలేదు. "ఇది మూడో రకమండి. ఇటలీ నిమ్మనీళ్ళు. నేనే చేశాను."

గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడ వైపు భయంగా చూశాను. ఆవిడ నవ్వింది.

"అవునన్నయ్యా, ఆయన చేతి మహిమే అది. పదహారున మీ అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి కూడా ఆయన్నే చెయ్యమను."

పదహారున ఆలమూరులో, బావగారింటి షామియానా వెనక, మూడు వందల మందికి సరిపడా నిమ్మకాయల బస్తా ముందు కూర్చున్నాను. నూరో కాయకి వేళ్ళు తిమ్మిరెక్కాయి. పట్టుచీర కట్టుకుని అటు వచ్చిన మా ఆవిడని బతిమాలాను.

"ఒప్పుకుంటాను మాణిక్యం. ఆ రోజు చేసింది నువ్వేనని మీ అన్నయ్యకి చెప్పెయ్యి."

"అన్నయ్యకి తెలుసండి. మొదటి గుక్కలోనే కనిపెట్టేశాడు. చిన్నప్పట్నుంచీ నా చేత్తో తాగుతున్నదేగా."

"మరి నన్నెందుకు కూర్చోబెట్టారు?"

"కలపడానికి నేనున్నాను. పిండడానికే మనిషి దొరకలేదట," అని ఇంకో బుట్ట నా వైపు జరిపింది.