సింగపూర్‌లో మాయమైన నరసాపురం లేసు

"ప్రపంచంలో నేరస్థులు రెండే రకాలు తమ్ముడూ! నా చేతికి చిక్కినవాళ్ళు, చిక్కబోయేవాళ్ళు."

ఈ ప్రకటన మా తోడల్లుడు మురళీకృష్ణగారు విమానంలో, సీట్ల మధ్య దారికి అడ్డంగా నిలబడి చేశారు. ఆయన వెనక కూల్‌డ్రింకుల బండి పట్టుకుని ఎయిర్‌హోస్టెస్ అయిదు నిమిషాలుగా దారి అడుగుతోంది. ఆయన జరగలేదు. అంత గొప్ప బుర్రకి వెనక ఏం జరుగుతోందో పట్టదు కాబోలు.

పాలకొల్లులో ఆయనకి ఎరువులూ పురుగుమందుల కొట్టు ఉంది. పురుగుల్ని చంపడం వృత్తి, నేరాలు ఛేదించడం ప్రవృత్తి. ఇప్పటిదాకా ఛేదించింది ఒకటే కేసు, పక్కింటి చిట్టెమ్మగారి కోడిపెట్ట అదృశ్యం. మూడు వారాలు పరిశోధించి, వీధి చివరి టైలరు మీద అనుమానం ప్రకటించి, పాపం అతని దగ్గర ఆడవాళ్ళంతా జాకెట్లు కుట్టించుకోవడం మానేశాక, ఆ కోడి పదకొండు పిల్లల్ని వెంటేసుకుని గడ్డివాము వెనకనుంచి తాపీగా నడిచొచ్చింది. "లొంగిపోయింది" అంటారాయన, ఈరోజుకీ.

అది 2002. పురుగుమందుల కంపెనీవాళ్ళు బాగా అమ్మిన డీలర్లని సింగపూర్ తీసుకెళ్తున్నారు. ఆయన వెంట ఆయన భార్య శ్రీదుర్గ వదినగారు, ఆవిడ చెల్లెలు, అంటే నా భార్య లోవలక్ష్మి, వాళ్ళమ్మ పాపాయమ్మగారు, సామాన్లు మొయ్యడానికి నేను. మనవాళ్ళు ఏ దేశం వెళ్ళినా చూసేవి రెండే. బాత్రూమ్‌లో చెంబుందా, అన్నంలోకి పెరుగుందా! ఆకాశాన్నంటే మేడల కింద నిలబడి మా వదినగారు "ఇక్కడ కరివేపాకు ఎంతంటారు?" అనడిగింది. అత్తగారు రైస్ కుక్కరు, అయిదు కేజీల బియ్యం తెచ్చుకున్నారు. తోడల్లుడుగారు భూతద్దం తెచ్చుకున్నారు. రెండింటిలో కుక్కరే నయం, అన్నమైనా ఉడుకుతుంది.

నిజమైన పని మీద వచ్చింది లోవలక్ష్మి ఒక్కతే. నరసాపురంలో మా వీధిలో పద్నాలుగుమంది ఆవిడ దగ్గర లేసు అల్లుతారు. కొనేవాడు మొహం చాటేసి ఆరు నెలలైంది. సెరంగూన్ రోడ్డులో గుడ్డలకొట్టు నడిపే ఒక తమిళావిడ, నమూనా తెస్తే చూస్తాను, నచ్చితే ఆర్డరిస్తానని ఉత్తరం రాసింది. పద్నాలుగుమందీ తలా ఒక పువ్వు అల్లి, అన్నీ కలిపి ఒక్క గుడ్డగా చేశారు. "దీంతోనే మా పొయ్యిలు వెలగాలమ్మా" అని చెప్పి మరీ చేతిలో పెట్టింది అందరిలోకీ పెద్దదైన అప్పాయమ్మ.

రెండోరోజు పొద్దున్న తొమ్మిదింటికి ఆ గుడ్డ లేదు. పదకొండింటికి కొట్లో ఉండాలి.

"ఏవండీ, లేసు లేదండీ!" ఆడవాళ్ళ గదిలోంచి లోవలక్ష్మి కేక. నేను వెళ్ళేసరికి పెట్టె బోర్లా పడుంది, మంచం నిండా చీరలు.

నా వెనకే లుంగీ ఎగ్గట్టి, భూతద్దం ఎత్తి, మొహాన పౌడరూ నుదుట ఇంత కుంకంబొట్టుతో వచ్చారాయన.

"ఎవరూ కదలకండి! ఈ గదిలో ప్రతి వస్తువూ సాక్షే!"

అప్పుడే అత్తగారు స్నానం చేసి బాత్రూమ్‌లోంచి బయటికొచ్చారు. "ఏం పోయింది బాబూ?"

"వివరాలు రహస్యం అత్తయ్యగారూ! మీరు కిందకెళ్ళి లిఫ్ట్ దగ్గర కాపలా ఉండండి. తెల్లగుడ్డతో దిగినవాణ్ణి వదలకండి!"

"అది కాదు బాబూ..."

"వెళ్ళండి! క్షణం ఆలస్యమైతే ముఠా మలేషియా దాటేస్తుంది!"

ఆవిడ వెళ్ళారు. హోటల్లో తెల్లగుడ్డ పట్టుకోని పనివాడు ఉంటాడా? పావుగంటలో ముగ్గురు దుప్పట్ల కుర్రాళ్ళని ఆవిడ చొక్కా పట్టుకుని ఆపేశారని తర్వాత తెలిసింది.

ఇక్కడ డిటెక్టివ్‌గారు గుమ్మం దగ్గర మోకాళ్ళ మీద కూలబడ్డారు. "తెల్లటి పొడి!" నాలిక్కి రాసుకుని కళ్ళు మూసుకున్నారు. "హెరాయిన్! అంతర్జాతీయ ముఠా!"

"అమ్మ వేసిన బియ్యప్పిండి ముగ్గండీ అది," అంది శ్రీదుర్గ వదినగారు, జడ వేసుకుంటూ.

"నువ్వు నేరస్థుల్ని వెనకేసుకొస్తున్నావు!"

"ఇరవయ్యేళ్ళుగా మిమ్మల్నే వెనకేసుకొస్తున్నానండి."

పదింబావయింది. లోవలక్ష్మి మంచం చివర కూర్చుని ఏడవడం మొదలెట్టింది. "పద్నాలుగుమందికి ఏం చెప్పనండీ? అప్పాయమ్మ మొహం ఎలా చూడను?" నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ బాధ చూస్తుంటే ఆ భూతద్దం లాక్కుని కిటికీలోంచి విసిరెయ్యాలనిపించింది.

"అన్నయ్యగారూ, ఇంక చాలు. హోటల్‌వాళ్ళకి చెబుదాం."

"తొందరపడకు తమ్ముడూ. ముందు వార్తలు చూద్దాం. ముఠా దొరికుంటే ఈపాటికి చెప్పేస్తారు." రిమోట్ నొక్కారు. వార్తలు చదివే అమ్మాయి మొహం నిండా చుక్కలు, గళ్ళు, పువ్వులు! ఆయన ఎగిరి గంతేశారు. "చూశావా! రహస్య సంకేతాలు! మనకి కనబడకుండా మొహం దాచేస్తున్నారు!"

భూతద్దం పట్టుకుని టీవీకి ముక్కు ఆనించారు. ఆవేశం ఎక్కువై చెమటలు కారిపోయాయి. చేతికందిన గుడ్డ లాగి నుదురూ మెడా శుభ్రంగా తుడుచుకున్నారు. వార్తలమ్మాయి మొహం తేటగా బయటపడింది.

"బావగారూ!" లోవలక్ష్మి పెట్టిన కేకకి కారిడార్లో ఏదో పగిలింది.

ఆయన చేతిలో ఉన్నది లేసు. పొద్దుటినుంచీ టీవీ మీదే ఉంది. పైన కప్పి, ముందుకి సగం వేలాడేసి, కొసలు సరిగ్గా సర్ది! ఆయన్ని ఎన్నన్నా అనొచ్చు, ఆ టీవీని నేనూ పదిసార్లు చూశాను. మా నరసాపురంలో లేసు కప్పని టీవీ ఉంటే వింతగా చూస్తాం కానీ, కప్పిన టీవీని ఎవరు చూస్తారు? లేసు వ్యాపారం చేసే నా భార్యకే కనబడలేదు. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

అత్తగార్ని పైకి పిలిపించాం. "నేనే కప్పాను. రాత్రి బీపీ బిళ్ళకోసం పెట్టె తీస్తే కనబడింది. టీవీ చూస్తే బోసిగా ఉంది. దుమ్ము పడదూ? పోయిందేంటో ఒక్కరు చెబితేగా!"

"కేసు క్లోజ్!" అన్నారు డిటెక్టివ్‌గారు. గుడ్డ నడిమధ్యన ఆయన బొట్టు, పౌడరు, సగం మొహం అచ్చుపడి ఉంది.

పదకొండుకి కొట్లో ఉన్నాం. తమిళావిడ కళ్ళజోడు సవరించుకుని, వచ్చీరాని తెలుగులో "ఈ మచ్చ ఏంటమ్మా?" అంది. అబద్ధం చెప్పడం రాక లోవలక్ష్మి జరిగిందంతా చెప్పేసింది. ఆవిడ కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నవ్వుతూనే లేసు తీసుకుని వెనక వాష్‌బేసిన్ దగ్గరికెళ్ళి, సబ్బేసి, గట్టిగా నులిమి ఉతికింది. మచ్చ పోయింది. పద్నాలుగు పువ్వుల్లో ఒక్క దారం కూడా కదల్లేదు.

"నమూనాలు చాలామంది తెస్తారు. ఇస్త్రీ చేసి, కాగితంలో పెట్టి! ఉతికితే ఎలా ఉంటుందో నాకు ఎవరూ చూపించలేదు," అంది. నమూనా తన దగ్గరే ఉంచుకుని, రెండొందల గుడ్డలకి ఆర్డరు రాసిచ్చింది. లోవలక్ష్మి మళ్ళీ ఏడ్చింది. నా కళ్ళల్లో నీళ్ళకి మాత్రం ఎండ కారణమని చెప్పాను.

సాయంత్రం బస్సులో డీలర్లందరికీ ఆయన వివరించారు, సాక్ష్యాన్ని తాను కావాలనే మలినం చేశానని. అందరూ చప్పట్లు కొట్టారు. పురుగుమందులమ్మే బుర్రలు అలాగే ఉంటాయి.

మర్నాడు పొద్దున్న ఏడున్నర. పక్షుల పార్కు బస్సు ఎనిమిదింటికి. అందరం ఆడవాళ్ళ గదిలో కాఫీ తాగుతున్నాం.

"ఎవరూ కదలకండి!" గుమ్మంలో ఒళ్ళంతా నీళ్ళోడుతూ మురళీకృష్ణగారు. "నిన్న ఈ గదిలో ఆరేసిన నా తువ్వాలు పోయింది! ముఠా పగ తీర్చుకుంటోంది!"

నేను టీవీ వైపు చూశాను. నీలం గళ్ళ తువ్వాలు, కొసలు సరిగ్గా సర్ది ఉంది. లోవలక్ష్మి కూడా చూసింది. కాఫీ గ్లాసు మూతికి అడ్డం పెట్టుకుంది.

"అల్లుడుగారూ, అది..." అన్నారు అత్తగారు.

"వివరాలు తర్వాత అత్తయ్యగారూ! మీరు లిఫ్ట్ దగ్గరికి!"

"రండి అత్తయ్యగారూ," అన్నాను నేను, ఆవిడ చెయ్యి పట్టుకుని. "మనం లిఫ్టెక్కి అట్నుంచటే బస్సెక్కేద్దాం. అన్నయ్యగారు తీరిగ్గా పరిశోధించుకుంటారు."