లొట్టిగాడి రెక్కలు

"వీడియో గేముల్లోని తెలంగాణ రాక్షసులకు న్యాయం జరిగేదాకా నేను నిద్రపోయేది లేదు" అని మట్టన్న ఎల్బీనగర్ చౌరస్తాలో ప్రకటించాడు. రిలే నిరాహార దీక్ష టెంటులో మధ్యాహ్నం కునుకు తీసి అప్పుడే లేచాడు కాబట్టి ఆ మాటలో నిజాయితీ ఉట్టిపడింది. టెంటులో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఏ రాక్షసులు, ఏం న్యాయం అని ఒక్కరూ అడగలేదు. నాయకుడి మీద నమ్మకమంటే అలా ఉండాలి.

సంగతి తెలిసినవాడు అక్కడ ఒక్కడే ఉన్నాడు. మహేందర్. నల్లగొండ జిల్లా నుంచి గ్రూప్స్ కోచింగ్‌కని చైతన్యపురి హాస్టల్లో చేరినవాడు. సకల జనుల సమ్మెలో కోచింగులు బందయ్యాయి కాబట్టి పగలంతా నెట్ సెంటర్లో ఉంటున్నాడు. మట్టన్న ప్రెస్ నోట్లు టైపు చేసేది అతనే. మిగతా సమయమంతా 'వేటపెట్టె' ఆడతాడు.

వేటపెట్టె అనే ఆటను దిల్‌సుఖ్‌నగర్‌లో చెప్పుల షాపు పైన ఉన్న ఒక చిన్న కంపెనీ తయారుచేసింది. అందులో నలభై వింత జీవాలుంటాయి. వాటిని వెతకాలి, తరమాలి, అలిసిపోయాక పెట్టె విసిరి పట్టుకోవాలి. అందరూ గెలవడానికి ఆడతారు. మహేందర్ మాత్రం ఆ జీవాల రూపురేఖల మీద అభిప్రాయాలు ఏర్పరచుకోవడానికి ఆడతాడు.

అతని అభిప్రాయాలు గట్టివి. మంచి రాక్షసుడంటే పలక మీద బలపంతో నాలుగు గీతల్లో దిగాలి. నీడ చూసి పేరు చెప్పగలగాలి. కోపం చూపించడానికి కనుబొమలు వంకరగా గీయడం చేతకానివాళ్ల పని. కంచుకొమ్ము అనే జీవం పసితనంలో ఒక్క కొమ్ముతో ముద్దొస్తుంది, పెద్దయ్యాక ఆరు కొమ్ములేసుకొస్తుంది. పెళ్లి బ్యాండు బాకాలన్నీ ఒకే నెత్తిన బోర్లించినట్టుంటుంది. జలనాగుకు మూడో రూపంలో కవచం తొడిగారు. పాముకు చొక్కా ఎందుకని మహేందర్ కంపెనీ వెబ్‌సైట్లో పేజీలకు పేజీలు రాశాడు. బండమావ బాగుంటాడు గానీ, రాయికి కండలు ఏ జిమ్ములో వచ్చాయో ఎవరూ చెప్పలేదు.

ఈ నలభైలో మచ్చలేనివాడు ఒక్క లొట్టిగాడే. కల్లు కోసం తాటిచెట్టుకు కట్టే లొట్టి కుండ ఆకారం, మెడకో తాడు, ఒకే కన్ను. కాళ్లు లేవు, గెంతుకుంటూ పోతాడు. భయమేస్తే నోట్లోంచి నురగ కక్కుతాడు. తాటిచెట్టు మీంచి జారిపడ్డవాడు కాబట్టి ఎప్పుడూ పైకే చూస్తుంటాడు, ఎక్కలేడు. వాడి అందమంతా ఆ ఎక్కలేకపోవడంలోనే ఉందని మహేందర్ సిద్ధాంతం.

అలాంటి లొట్టిగాడికి కొత్త వెర్షన్లో రెక్కలు పెడుతున్నామని కంపెనీ ప్రకటించింది. మహేందర్‌కు అన్నం సయించలేదు. వద్దని రాశాడు, బతిమాలుతూ రాశాడు, తిడుతూ రాశాడు. జవాబు లేదు. చివరికి మట్టన్న దగ్గరికి వెళ్లాడు.

"అన్నా, లొట్టిగానికి రెక్కలు పెడుతున్రు."

"ఎవనికి?"

మహేందర్ బొమ్మ చూపించాడు. మట్టన్న కాగితం అటూ ఇటూ తిప్పాడు.

"పెడితే ఏమైతది? ఎగురుతడు."

"ఎగరొద్దన్నా. ఎగిరితే వాడు వాడే గాదు."

"నీకేమన్న జరమొచ్చిందా తమ్మీ?"

"లేదన్నా. జర నువ్వొక మాట చెప్తే కంపెనీవోళ్లు ఇంటరు."

"కంపెనీ ఎవనిది?"

"ప్రసన్నకుమార్ అని, గుడివాడాయన."

మట్టన్న నెమ్మదిగా లేచి చెప్పులు తొడుక్కున్నాడు. ఉద్యమాలు అలాగే పుడతాయి.

*

అప్పటికే నగరంలో జేఏసీ లేని వృత్తి లేదు. వకీళ్లకు ఉంది, డాక్టర్లకు ఉంది, బ్యాండుమేళం వాళ్లకూ ఉంది. మర్నాటికల్లా వీడియోగేమ్ జీవాలకూ ఏర్పడింది. కన్వీనర్ మట్టన్న, సాంకేతిక సలహాదారు మహేందర్. ఎల్బీనగర్ టెంటును పీకి కంపెనీ ఎదురుగా వేశారు.

టెంటులో రిలే నిరాహార దీక్ష. పక్కనే రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు. మధ్యాహ్నం కాగానే దీక్షలో కూర్చున్నవాళ్లు వంటావార్పుకు సంఘీభావం తెలపడానికి వెళ్లేవారు. తిన్నాక వంటావార్పువాళ్లు దీక్షకు సంఘీభావంగా వచ్చి టెంటులో నడుం వాల్చేవారు. ఇంతటి ఐక్యత ఆ రోడ్డు అంతకుముందు చూసి ఉండదు.

విలేఖరుల సమావేశంలో లలితకుమారి అనే చానెలమ్మాయి నేరుగా అడిగింది. "నలభై జీవాల్లో మనవాళ్లు ఎందరు సార్?"

మట్టన్న సలహాదారు వైపు తిరిగాడు. "తమ్మీ, ఒక్కొక్కని పేరు చెప్పు. నీళ్లల్ల ఉండేటోళ్లు వాళ్లు, రాళ్లల్ల ఉండేటోళ్లు మనోళ్లు."

"జలనాగు."

"కృష్ణా డెల్టా. గంతే."

"బండమావ."

"మన దేవరకొండోడు. సూస్తెనే తెలుస్తలేదా."

"ముసలిమొసలి. ఇది మూసారాంబాగ్ బ్రిడ్జి కింద దొరుకుతదన్నా, మూసీల."

మట్టన్న ఆలోచనలో పడ్డాడు. "మూసీల మొసలి బతుకుతదా?"

"బతకదన్నా."

"అయినా బతికిందంటే మనోడే. గంత కష్టం ఓర్సుకునుడు మనకే చాతనైతది."

ఈ శాస్త్రీయ పద్ధతిలో లెక్క తీస్తే మనవాళ్లు తొమ్మిదిమంది తేలారు. మట్టన్న మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"తొమ్మిదిమందిల ఏడుగురు మొదటి లెవల్లనే సస్తున్రు. ఇది వివక్ష గాకపోతే ఏంది?"

"అన్నా, మొదటి లెవల్ల అందరు సస్తరు" అన్నాడు మహేందర్ చెవిలో. "రెక్కల సంగతి చెప్పు."

"ఒస్త తమ్మీ. రెక్కల కాడికే ఒస్తున్న."

అక్కడికి రాకుండానే సమావేశం ముగిసింది.

సాయంత్రానికి అవతలి పక్షం కూడా నిద్రలేచింది. కోస్తా కుటుంబాల కాలనీ సంఘానికి అధ్యక్షుడైన రామమోహనరావుగారు సమైక్య జీవాల పరిరక్షణ సమితి పెట్టారు. ఆయన ఆ ఆటను ఎన్నడూ చూడలేదు. చూస్తే నిష్పాక్షికత పోతుందని ఆయన భయం. కంచుకొమ్ము ఆరు కొమ్ములు మన సంస్కృతి అనీ, ఒక్క కొమ్ము తగ్గినా ఊరుకోమనీ ఆయన టీవీలో హెచ్చరించారు. అదే చర్చలో మట్టన్న ఆరుకు ఆరూ ఊడబీకుతామన్నాడు. బస్సులు లేనందున ఇద్దరూ స్టూడియోకు ఒకే ఆటోలో వెళ్లొచ్చారు.

*

నాలుగో రోజు కంపెనీవాళ్లు ఉభయ పక్షాలనూ చర్చలకు పిలిచారు. ప్రసన్నకుమార్ భయపడి ఉంటాడనుకున్నాడు మహేందర్. మెట్ల దగ్గరే ఎదురొచ్చి మట్టన్న, రామమోహనరావుగారు, మహేందర్ ముగ్గురి చేతుల్లోనూ టీ కప్పులు పెట్టాడాయన.

"మట్టయ్యగారూ, మీ దయవల్ల మా ఆటని ఇప్పుడు కాకినాడలో కూడా ఆడుతున్నారండి. చిన్న మనవి. నినాదాలిచ్చేటప్పుడు ఓ నాలుగడుగులు ఇటు జరిగారంటే మా బోర్డు కూడా కెమెరాలో పడుతుంది."

"జరుగుతం. గని ఉద్యమం ఉద్యమమే" అన్నాడు మట్టన్న.

"దానికేం, మానమని ఎవరన్నారండీ?"

బల్ల చుట్టూ కూర్చున్నారు. బొమ్మలు గీసే అమ్మాయిలిద్దరూ ఓ పక్కన నిలబడ్డారు. మట్టన్న గొంతు సవరించుకున్నాడు.

"ముందుగల్ల గా ఆరు కొమ్ముల సంగతి తేలాలె. అవి మా నెత్తిన పెత్తనం చేసేటందుకే పెట్టిన్రు."

"అవి నేనే గీసిన సార్" అంది జ్యోతిక. "మాది సూర్యాపేట."

మట్టన్న రెప్ప కూడా వేయలేదు. "గందుకే గంత పౌరుషంగున్నయి."

"నాకు మొదట్నుంచీ అవి కాస్త ఎక్కువేననిపించింది" అన్నారు రామమోహనరావుగారు.

"మరి లొట్టిగాన్ని ఎవరు గీసిన్రు?" అన్నాడు మహేందర్.

"నేనండి" అంది రెండో అమ్మాయి విజయదుర్గ. "మాది భీమవరం. ఓసారి నల్లగొండ వెళుతూ బస్సు కిటికీలోంచి చూసి గీశాను."

రామమోహనరావుగారు వెనక్కి వాలి కూర్చున్నారు. "అయితే లొట్టిగాడు మావాడే."

"గీసింది మీ పిల్లనే. ఏలాడింది మా చెట్టుకు" అన్నాడు మట్టన్న.

రాజీ కుదరడానికి మధ్యాహ్నం భోజనం దాకా పట్టింది. లొట్టిగాడు ఉభయులవాడు. కంచుకొమ్ము నుంచి తీసిన కొమ్ముల్లో మూడు ఇటువాళ్ల తరఫున, మూడు అటువాళ్ల తరఫున లొట్టిగాడి నెత్తికెక్కాయి. జలనాగు కవచం రామమోహనరావుగారి కోటాలో వచ్చింది. బండమావ కండలు మట్టన్న కోటాలో వచ్చాయి. ప్రజల కోరిక మేరకు ముఖం మట్టన్నది పెట్టాలని మట్టన్న ప్రతిపాదించాడు. అలాగైతే కళ్లద్దాలు తనవి ఉండాలన్నారు రామమోహనరావుగారు. రెక్కల మీద మాత్రం ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

"అన్నా, రెక్కలొద్దనే గదా మనం మొదలువెట్టింది" అన్నాడు మహేందర్.

"చర్చలంటే ఇచ్చుడు, తీసుకునుడు తమ్మీ. రెక్కలిచ్చినం, మీసాలు తీసుకున్నం."

"మీసాలెవరు అడిగిన్రన్నా?"

"అడగకుండ ఇచ్చిన్రు. అదీ గెలుపంటే."

మహేందర్ గోడ దగ్గరికి పోయి నిలబడ్డాడు. విజయదుర్గ పక్కకొచ్చింది.

"మా సార్‌కి నేనూ చెప్పానండి రెక్కలు వద్దని. ఎగిరేవి బాగా అమ్ముడుపోతాయన్నారు. మీ ఉత్తరాలన్నీ నేను చదివాను."

"మరి జవాబెందుకు ఇయ్యలె?"

"ఇస్తే నా ఉద్యోగం పోతుంది కదండీ."

"వాడు పైకే ఎందుకు చూస్తడు?"

"కన్ను కిందికి గీస్తే ఏడుస్తున్నట్టున్నాడు. ఏడిపించడం ఇష్టంలేక పైకి పెట్టాను."

మహేందర్ మొహం చూసి మట్టన్నకే జాలేసింది. బల్ల మీద తట్టాడు.

"ప్రసన్నకుమార్‌గారూ, మా తమ్ముడు అలిగిండు. రూపం మేం చూసుకున్నం గద. స్వభావం ఆయన్నే పెట్టుకోనియ్యున్రి."

"అలాగేనండి. అదెలాగూ బయటికి కనిపించేది కాదు" అన్నాడు ప్రసన్నకుమార్.

ఉభయ పక్షాలూ భోజనానికి లేచాయి. మహేందర్, విజయదుర్గ కంప్యూటర్ ముందు కూర్చున్నారు.

*

విజయోత్సవం ఎల్బీనగర్‌లో ఫంక్షన్ హాల్లో జరిగింది. స్టేజీ మీద ఒకదానికొకటి కలిపిన మూడు కంప్యూటర్లు, వెనక పెద్ద తెర. తెర మీద కొత్త లొట్టిగాడు వెలిశాడు. ఆరు కొమ్ములు, కండలు, వాటి మీద కవచం, మట్టన్న ముఖం, మీసాలు, రామమోహనరావుగారి కళ్లద్దాలు, రెండు పెద్ద రెక్కలు. పలక మీద గీయాలంటే పలకలు రెండు కావాలి. హాలంతా లేచి నిలబడింది. మట్టన్న మనవడు మాత్రం భయపడి నానమ్మ కొంగు పట్టుకున్నాడు.

"ఇప్పుడు మట్టయ్యగారు తమ స్వహస్తాలతో మొదటి వేట ప్రారంభిస్తారు" అన్నాడు ప్రసన్నకుమార్ మైకులో. "లొట్టిగాడు మహా పౌరుషవంతుడండి. తరిమి తరిమి అలుపొచ్చాక గానీ చిక్కడు."

మట్టన్న మౌసు పట్టుకుని పెట్టె మూత తెరిచాడు. ఇంకా తరమలేదు, విసరలేదు. లొట్టిగాడు రెక్కలు టపటపలాడించుకుంటూ వచ్చి తనంతట తానే పెట్టెలో దూకాడు.

ఇటువైపు కుర్చీల్లో చప్పట్లు. "మనోడు మన పెట్టెలకే ఒచ్చిండు."

రామమోహనరావుగారు తన కంప్యూటర్లో పెట్టె తెరిచారు. లొట్టిగాడు మట్టన్న పెట్టెలోంచి లేచి, ఆయన పెట్టెలో దూకి, మూత తనే వేసుకున్నాడు. అటువైపు కుర్చీల్లో చప్పట్లు.

మూడో కంప్యూటర్ దగ్గర బందోబస్తుకొచ్చిన ఇన్‌స్పెక్టర్ ఊరికే ఓ మీట నొక్కి చూశాడు. లొట్టిగాడు అందులోకీ వెళ్లాడు. అక్కడి నుంచి మళ్లీ మట్టన్న పెట్టెకు, మళ్లీ రామమోహనరావుగారి పెట్టెకు. మూత తెరుచుకోవడమే ఆలస్యం. అంత పెద్ద తెర మీద మట్టన్న ముఖం అటూ ఇటూ ఎగురుతుంటే వెనక వరసలో ఎవరో నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. అందరూ మట్టన్న వైపు చూశారు.

మట్టన్న ఫోను మోగింది. పక్కకు వెళ్లి మాట్లాడాడు. "ఆ... ఆరింటికే కొత్త కండువా కప్పుడు ఫిక్స్ చేసిన్రా? మంచిది. ఒస్తున్నమని చెప్పున్రి." ఫోను జేబులో పెట్టుకుని మహేందర్ను వేలితో పిలిచాడు.

మహేందర్ చెంపదెబ్బకు సిద్ధపడే వెళ్లాడు.

"తమ్మీ, గీ స్వభావం నువ్వు పెట్టిందేనా?"

"నేనేనన్నా."

మట్టన్న తెర వైపు చాలాసేపు చూశాడు. లొట్టిగాడు ఇన్‌స్పెక్టర్ పెట్టెలో సేదతీరుతున్నాడు.

"డిజైన్ మంచిగనే ఉంది. ఒక్కటే లోపం. మూత తెరవంగనే గట్ల దూకొద్దు. జరసేపు నిలవడాలె. ఎనకకు తిరిగి చెయ్యూపాలె. 'ప్రజల కోసమే పోతున్న' అని రెండు ముక్కలు చెప్పి, కండ్లు తుడుచుకుని, అప్పుడు దూకాలె."

మహేందర్ కళ్లు మూసుకుని ఆ దృశ్యాన్ని ఊహించుకున్నాడు. అభిమానిగా అతను ఎందరో రాక్షసుల మీద ఎన్నో మాటలు అన్నాడు గానీ, ఇంత కచ్చితమైన సవరణ ఎన్నడూ చెప్పలేకపోయాడు. కాదనడానికి ఏమీ లేదు.

"ఆ మార్పుకు రెండు రోజులు పడుతుందండి" అన్నాడు ప్రసన్నకుమార్.

"అంత టైం లేదు. ఆరింటి లోపల చెయ్యున్రి."

మహేందర్‌కు కొంచెం ధైర్యమొచ్చింది. "చేపిస్త అన్నా. నేనే కూసోని చేపిస్త. మరి నువ్వొక మాట చెప్పి గా రెక్కలు తీయిస్తవా?"

మట్టన్న అప్పటికే మెళ్లో కండువా తీసి మడతపెడుతున్నాడు. మడతపెట్టి, నలగకుండా మహేందర్ చేతిలో ఉంచాడు.

"ఉండనియ్యి తమ్మీ" అన్నాడు ప్రేమగా. "ఎప్పుడు ఏం పనివడ్తదో."